ముర్రుపాలు పుక్కిలిస్తే చిగుళ్ళ జబ్బు తగ్గుతుందాండి?

గేదెలమ్మ (తణుకు దగ్గర)

నమస్కారమండి. ఇక్కడ డాక్టర్లు కూడా రాస్తారని మా అమ్మాయి చెప్తే వచ్చాను. చెప్పేది నేను, టైపు చేసేది మా మనవడు. తప్పులుంటే వాడివే.

నాకు 56 ఏళ్ళు. నాలుగు గేదెలున్నాయి. పొద్దున్నే పాలు పితికి, కేంద్రంలో పోసొచ్చి, అప్పుడు పళ్ళు తోముకుంటాను. ఏడాది నుంచి ఉమ్మితే ఎర్రగా పడుతోంది. కింది ముందు పళ్ళ వెనకాల గార పట్టి రాయైపోయింది, నాలుకతో తడిమితే గరుగ్గా తగుల్తుంది. కుడిపక్క దవడ పన్ను ఒకటి, గట్టిది ఏది నమిలినా ఊగుతోంది. షుగరుంది. మొన్న మూడు నెలల సగటు చూసే షుగరు పరీక్ష చేయిస్తే 8.6 వచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే ఈ పయోరియాకి క్లీనింగే మందు, చిగురు లోపలిదాకా గీకాలి, మూడుసార్లు రావాలి అన్నారు. మా వీధిలో ఒకావిడ అలాగే చేయించుకుని పళ్ళన్నీ వదులైపోయాయని ఇప్పటికీ శాపనార్థాలు పెడుతుంది. ఆ మాట వినీ వినీ నేను ఊరుకున్నాను.

ఇంతలో హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి మాత్రల డబ్బా ఒకటి పంపింది. లాక్టోఫెర్రిన్ అంట. మనిషి పాలల్లో, ఉమ్మిలో దేవుడిచ్చిన ప్రోటీనే అంట, చిగుళ్ళలో పురుగులకి ఇనుము అందకుండా కట్టేస్తుందంట. డబ్బా వెయ్యి రూపాయల పైమాటే. ముర్రుపాలల్లో ఇది బోలెడు ఉంటుందని కూడా చెప్పింది. నాకు నవ్వొచ్చింది. మా గేదె మొన్న మంగళవారమే ఈనింది. బిందెడు ముర్రుపాలు వీధి వీధంతా జున్నుకి పంచిపెట్టాను!

అడిగేదేంటంటే, ఆ పాలే రోజూ పుక్కిలిస్తే సరిపోదా? పోనీ జున్ను తింటే? ఉమ్మిలో ఎలాగూ ఉన్నదే అయితే, మరి నాకీ జబ్బెందుకొచ్చినట్టు?

రిటైరైన పంతులు

అమ్మా, వేపపుల్ల. రోజుకి రెండుసార్లు. మా నాన్నగారికి 84 ఏళ్ళకీ ఒక్క పన్ను కదల్లేదు. ఈ మాత్రలూ అవీ కంపెనీల వ్యాపారం.

చిగుళ్ళ వైద్యురాలు

పంతులుగారూ, మీ నాన్నగారికి షుగరు లేదనుకుంటాను. వేపపుల్లతో నాకేం గొడవ లేదు, కానీ అది రాయైన గారని ఊడదీయలేదు.

గేదెలమ్మగారూ, నేను ప్రభుత్వ దంత కళాశాలలో చిగుళ్ళ విభాగంలో 26 ఏళ్ళు చేసి బయటికొచ్చాను. మీరు అడిగిన మూడో ప్రశ్న మా పరీక్షల్లో అడిగేదానికన్నా బాగుంది, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

మీ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. లాక్టోఫెర్రిన్ అంటేనే పాల ఇనుము. ఒక్కో అణువూ రెండు ఇనుప అయాన్లని పిడికిట్లో బిగించుకుంటుంది. తల్లి ముర్రుపాలలో లీటరుకి 5 గ్రాముల పైచిలుకు ఉంటుంది. మామూలు ఆవుపాలలో అందులో పదో వంతు కూడా ఉండదు. కన్నీళ్ళలో ఉంది, ఉమ్మిలో ఉంది, చిగురుకీ పంటికీ మధ్య సందులో ఊరే నీటిలోనూ ఉంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు దీన్ని చిన్న చిన్న సంచుల్లో మూటగట్టుకుని తిరుగుతాయి. జబ్బేమీ లేని నోట్లోకే చిగుళ్ళ సందుల్లోంచి నిమిషానికి 30,000 దాకా ఈ కణాలు దిగుతుంటాయని పాత లెక్క. మాత్ర వేసుకోకముందే మీ నోట్లో సైన్యం దిగే ఉంది.

దీని పని ఇనుము దాచెయ్యడం ఒక్కటే కాదు. చిగుళ్ళ జబ్బు తెచ్చే ఏక్టినోమైసెటెమ్‌కామిటాన్స్ అనే సూక్ష్మజీవిని (ఈ పేరు పలకడానికే మా స్టూడెంట్లకి ఒక వారం పట్టేది) మనిషి లాక్టోఫెర్రిన్ నేరుగా చంపుతుందని 1988లోనే ప్రయోగశాలలో చూపించారు. కొన్ని రకాల క్రిముల పైపొరని ఇది వదులు చేస్తే, ఉమ్మిలోనే ఉండే లైసోజైమ్ అనే ఎంజైము ఆ సందులోంచి దూరి లోపలి గోడని కొరుకుతుంది. లైసోజైమ్ ఫ్లెమింగ్ దొరగారి జలుబులోంచి బయటపడింది, 1922లో అచ్చేశారు. ఆయన పెన్సిలిన్ కనిపెట్టడం కన్నా ముందు సంగతి.

మరి మీకెందుకు వచ్చింది? ఇనుము కట్టేస్తే చచ్చేది ఇనుము కోసం వెతుక్కునే క్రిమి. చిగుళ్ళ జబ్బులో పెద్ద దొంగ పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అలా వెతుక్కోదు. దానికి కావలసింది హీమ్, అంటే రక్తం ఎర్రగా ఉండటానికి కారణమైన ముక్క. సొంతంగా తయారుచేసుకోలేదు కాబట్టి హిమోగ్లోబిన్‌ని కోసుకుని తింటుంది. మీరు ఉమ్మినప్పుడు పడే ఆ ఎరుపే దాని భోజనం. గార వల్ల చిగురు వాస్తుంది, వాచిన చిగురు కారుతుంది, కారిన రక్తం తిని అది పెరుగుతుంది, అది పెరిగితే చిగురు ఇంకా వాస్తుంది. మీరు గాదెకి తాళం వేశారు, అది పెరట్లో పొయ్యి మీద ఉడుకుతున్న కుండ దగ్గర కూర్చుంది. పైగా లాక్టోఫెర్రిన్‌నే ముక్కలు చేసే ఎంజైములు కూడా దాని దగ్గరున్నాయి.

జున్ను సంగతి. ఆవిరి మీద గట్టిపడేదాకా ఉడికిస్తారు కదా, ఆ వేడికి ప్రోటీను మడతలు విడిపోతాయి. రుచి మిగులుతుంది, పని మిగలదు. పైగా బెల్లం. 8.6 పెట్టుకుని మీరు జున్ను అడగడమే తప్పు!

పచ్చి ముర్రుపాలు పుక్కిలించడం మాత్రం వద్దే వద్దు. పుక్కిలించింది చిగురు అంచు దాటి పెద్దగా లోపలికి పోదు. మంచి చిగురుకి సందు 1 నుంచి 3 మిల్లీమీటర్లే ఉంటుంది. ఊగే పన్ను దగ్గర మీకు అయిదో ఆరో ఉండి ఉంటుంది, కొలిస్తేగానీ తెలీదు. రెండోది, పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్ అనే పశువుల నుంచి సోకే జ్వరం రావచ్చు. గేదెలున్న ఇంటివారికి ఈ మాట కొత్త కాదనుకుంటాను. పుండైన చిగుళ్ళతో దాన్ని కోరి తెచ్చుకోకండి.

ఇక మీ వీధిలో ఆవిడ గురించి. క్లీనింగ్ వల్ల పళ్ళు వదులవలేదు. ఎముక ఎప్పుడో కరిగిపోయింది, గార పక్క పక్క పళ్ళని సిమెంటులా అతికించి నిలబెట్టింది. అది తీసేసరికి అసలు పరిస్థితి కనబడింది. వాపు తగ్గి చిగురు కిందికి దిగితే పళ్ళ మధ్య సందులు కూడా కనిపిస్తాయి. డాక్టర్లు ఇది ముందే చెప్పాలి. చెప్పరు, తర్వాత తిట్లు తింటారు. పై పన్ను పీకితే కళ్ళు పోతాయన్న మాటలాగే ఇదీ ఊరూరా తిరుగుతోంది.

అగర్ ప్లేటు

డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్తాను. డాక్టరుగారు చెప్పిన ఆ దొంగని పీజీలో ఉండగా కళ్ళారా చూశాను, ముక్కారా వాసన కూడా పీల్చాను కాబట్టి రెండు ముక్కలు.

దానికి గాలి పడదు. ఆక్సిజన్ లేని డబ్బాలో, రక్తం కలిపిన అగర్ (క్రిముల్ని పెంచే జెల్లీ) మీద పెంచాలి. మొదటి మూడు నాలుగు రోజులు ఏముందిలే అనిపించే తెల్లటి చుక్కలు. వారం దాటాక తీసి చూస్తే ఆ చుక్కలు గోధుమరంగు తిరిగి, నల్లగా కాటుక బొట్లలా ఉంటాయి. ఆ నలుపు దానిది కాదు. ప్లేట్లోని రక్తంలోంచి లాక్కున్న హీమ్‌ని ఒంటికి పూసుకుని దాచుకుంటుంది, అదే రంగు. మూత తీస్తే వచ్చే కంపుకి మా ల్యాబు అటెండరు "ఇవాళ కూడా అదేనా అమ్మా" అని కిటికీలు తెరిచేవాడు. చిగుళ్ళ జబ్బున్నవాళ్ళ నోటి వాసనలో కొంత వాటా దీనిదే.

డాక్టరుగారు ఎల్ఎల్-37 గురించి చెప్పలేదేమిటి? లాక్టోఫెర్రిన్ కన్నా నాకు అదే ముద్దు. అది క్రిముల మీద మన ఒంటి ఆయుధం, 37 అమైనో ఆమ్లాల (ప్రోటీన్లని కట్టే ఇటుకల) చిన్న గొలుసు. మొదటి రెండూ లూసిన్‌లు, అందుకే రెండు ఎల్‌లు. కాథెలిసిడిన్లనే కుటుంబంలో మనిషికి ఉన్నది ఇదొక్కటే. ఆ 37లో 11 లైసిన్‌లూ ఆర్జినిన్‌లే. వాటివల్ల గొలుసుకి ధనావేశం వస్తుంది. క్రిమి పొర మీద ఉండేది ఋణావేశం కాబట్టి వెళ్ళి అతుక్కుని పొరకి చిల్లులు పెడుతుంది. క్లాసులో ఇక్కడిదాకా అందరూ హాయిగా వింటారు.

పోర్ఫిరోమోనాస్ దగ్గర జింజిపైన్లని కత్తెరల్లాంటి ఎంజైములుంటాయి. అవి ఏ ప్రోటీనునైనా ఎక్కడ కత్తిరిస్తాయో తెలుసా? లైసిన్ తర్వాత, ఆర్జినిన్ తర్వాత. మన ఆయుధానికి బలం ఎక్కడుందో సరిగ్గా అక్కడే! ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను.

గేదెలమ్మ

అయ్యబాబోయ్. మనవడు ఆ పేర్లు టైపు చెయ్యలేనంటున్నాడు.

డాక్టరుగారూ, చాలా బాగా చెప్పారండి. జున్ను మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒకటి మిగిలింది. అదీ తినేసి, ఇదీ కోసేస్తే ఇక ఈ ప్రోటీన్లు ఉన్నా లేకపోయినా ఒకటేనా? ఊరికే ఉన్నాయా అవి? షుగరు వల్ల నాకు తక్కువైపోయాయేమో అని భయంగా ఉంది.

చిగుళ్ళ వైద్యురాలు

ఊరికే లేవు. లేకపోతే ఏమవుతుందో నేను చూశాను.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఒక తల్లి పదకొండేళ్ళ పిల్లాణ్ణి తీసుకొచ్చింది. ముందు పళ్ళు నాలుగూ వేలితో తాకితే ఊగుతున్నాయి. నోట్లో గార పెద్దగా లేదు. ఆ వయసుకి అంత జబ్బు ఉండకూడదు. పాలపళ్ళు ఎప్పుడు పడ్డాయమ్మా అంటే, నాలుగేళ్ళకే అన్నీ రాలిపోయాయంది. వాడు కుర్చీలోంచి దిగి చెప్పులేసుకుంటుంటే అరికాలు కనబడింది. దళసరిగా, పసుపుపచ్చగా, ఎండిన చెరువులా పగుళ్ళు. అరచేతులు చూపించమంటే సిగ్గుపడి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడడిగాను, మేనరికమా అని. అవునంది. సొంత మేనమామ.

దాన్ని పాపియాన్–లెఫెవ్ర్ సిండ్రోమ్ అంటారు. 1924లో ఫ్రాన్సులో మొదట రాశారు. కారణం మాత్రం 1999లో దొరికింది. కాథెప్సిన్ సి అనే ఎంజైము జన్యువు తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ రెండు ప్రతులూ చెడిపోయి వస్తాయి. ఎల్ఎల్-37 అనేది కణంలో నేరుగా తయారైపోదు. ఒక పెద్ద ప్రోటీనుకి తోకలా ఉండి, అవసరమైనప్పుడు ఇంకో ఎంజైము కోస్తే విడివడుతుంది. కోసే ఆ ఎంజైముని సిద్ధం చేసేది కాథెప్సిన్ సి. అది లేకపోతే ఒర ఉంది, ఒరలో కత్తి ఉంది, దూసే చెయ్యి లేదు. ఆ పిల్లాడికి మిగతా పళ్ళు కాపాడదామని చాలా తిరిగాం. పదహారేళ్ళకి కట్టుడు పళ్ళు పెట్టాల్సొచ్చింది.

ఇంకో కథ నేను చూసింది కాదు, చదివింది. మీ మొదటి ప్రశ్నకి జవాబు దాంట్లో ఉంది. ఉత్తర స్వీడన్‌లో కొన్ని కుటుంబాల్లో పసిపిల్లలు చీము జబ్బులతో పోతుంటే కోస్ట్‌మన్ అనే డాక్టరు గమనించి 1956లో వివరంగా రాశారు. వాళ్ళ రక్తంలో న్యూట్రోఫిల్సే దాదాపు లేవు. తర్వాత్తర్వాత ఆ కణాల్ని పెంచే ఇంజెక్షన్ వచ్చింది, పిల్లలు బతికారు. కణాల లెక్క మామూలు స్థాయికి వచ్చింది. చిగుళ్ళు మాత్రం బాగుపడలేదు! సైన్యం వచ్చింది కదా, ఎందుకు ఓడిపోతోంది అని స్టాక్‌హోమ్‌లో వెతికారు. 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఆ కణాల్లో లాక్టోఫెర్రిన్ మామూలుగానే ఉంది. లేనిది ఎల్ఎల్-37. ఉమ్మిలోనూ లేదు. వాళ్ళలో ఎముక మజ్జ మార్పిడి జరిగిన ఒకరికి మాత్రం అది ఇంచుమించు మామూలుగా ఉంది, అతనికి చిగుళ్ళ జబ్బు లేదు. చూసింది పట్టుమని పదిమందిని కూడా కాదు, కాబట్టి దాని మీద మేడలు కట్టకూడదు. అయినా మీ అమ్మాయి పంపిన డబ్బా చూసినప్పుడల్లా నాకు ఆ వ్యాసమే గుర్తొస్తుంది. లాక్టోఫెర్రిన్ నిండుగా ఉన్నా చిగుళ్ళు నిలబడలేదు. ఒక్క ప్రోటీనుతో నోరు నడవదు.

అగర్ ప్లేటుగారు చెప్పిన కత్తెర నిజమే. దానికి తోడు పోర్ఫిరోమోనాస్ ఎల్ఎల్-37కి అంత తేలిగ్గా లొంగేది కూడా కాదు. కానీ ఒక చిన్న ఊరట. ఉమ్మి కలిస్తే ఆ కత్తెర ఎల్ఎల్-37ని అంత తేలిగ్గా కొయ్యలేదని 2009లో చూపించారు. ఉమ్మి తిరిగే చోట మన ఆయుధం నిలబడుతుంది. ఆరు మిల్లీమీటర్ల గోతిలోకి, గార రాళ్ళ కిందికి ఉమ్మి ఎక్కడ పోతుంది? మీ డాక్టరు లోపలిదాకా గీకాలి అన్నది అందుకే. గీకడమంటే క్రిముల్ని ఒక్కొక్కటీ చంపడం కాదు, వాటి కోట కూల్చడం. ఆ తర్వాత పని మీ ఒళ్ళే చేసుకుంటుంది.

షుగరు వల్ల ప్రోటీను తక్కువైందనుకోకండి. షుగరు ఎక్కువున్నప్పుడు న్యూట్రోఫిల్స్ మందకొడిగా కదులుతాయి, చిగురు మానడం ఆలస్యమవుతుంది. ఇది రెండువైపులా పనిచేస్తుంది. చిగుళ్ళ వైద్యం సరిగ్గా జరిగితే ఆ మూడు నెలల అంకె సగటున 0.4 దాకా దిగుతుంది. అది తక్కువేం కాదు.

మాత్రల వల్ల మీకు నష్టమేమీ లేదు, పాలు పడనివాళ్ళు కాదుగా మీరు. గీకించుకోకుండా మాత్రలు మింగితే మాత్రం డబ్బు దండగ.

రిటైరైన పంతులు

నాన్నగారికి షుగరు లేదు, నిజమే. నాకుంది. నాకు ఆరు పళ్ళు పోయాయి. ఆ సంగతి పైన రాయలేదు.

గేదెలమ్మ

నెల తర్వాత వచ్చానండి. దూడకి పారుడు పట్టుకుని నాకు తీరిక లేకపోయింది.

చేయించుకున్నాను. మూడుసార్లు. మొదటిసారి మత్తు సూది ఇచ్చి కింది వరస చేశారు. ముందు పళ్ళ వెనకనుంచి ఊడినవి స్టీలు పళ్ళెంలో టక్ టక్‌మని పడ్డాయి. ఒకటి కందిబద్దంత ఉంది, నల్లగా. ఇంటికి తెస్తానంటే క్లినిక్‌లో అమ్మాయి నవ్వి కాగితంలో చుట్టి ఇచ్చింది. మా వీధిలో ఆవిడకి చూపించాను. ఇది నీ పంటిని పట్టుకుని ఉందే అంటే, ఆవిడ నమ్మలేదు.

వారం రోజులు చల్లటి నీళ్ళు తాగలేకపోయాను, జివ్వుమని లాగేది. కింద ముందు పళ్ళ మధ్య సందులు కనిపిస్తున్నాయి, మీరు ముందే చెప్పబట్టి కంగారు పడలేదు. ఉమ్మితే ఎరుపు లేదు. పోయిన ఆదివారం ఒక్కసారి చిన్న చార కనిపించింది, అంతే. ఊగే పన్ను ఇంకా ఊగుతూనే ఉంది, కాస్త తక్కువ. సందుల్లో తోమడానికి సన్నటి బ్రష్షు ఇచ్చారు, సీసాలు కడిగే బ్రష్షుకి పిల్ల లాంటిది. పెద్దది కొనమంటారా, ఇదే చాలా? బ్రష్షు పెట్టినప్పుడు వెనక సందులో అస్సలు పట్టుకోవట్లేదు, వదులుగా పోయొస్తోంది.

చిగుళ్ళ వైద్యురాలు

వదులుగా పోయిందంటే అక్కడికి ఒక సైజు పెద్దది కావాలి. వైరు పంటికి రాసుకోకూడదు, వెంట్రుకలు మాత్రం రెండువైపులా తగలాలి. ముందు సందులకి ఇప్పుడున్నదే ఉంచండి, వెనక్కి వేరేది కొనండి. ఊగే పన్ను దగ్గర మూడో నెలలో మళ్ళీ లోతు కొలిపించండి. అయిదు మిల్లీమీటర్లకి మించి ఉండి, గుచ్చితే రక్తం వస్తుంటే అక్కడ ఇంకోసారి చెయ్యాల్సి రావచ్చు. షుగరు పరీక్ష కూడా అదే వారంలో పెట్టుకోండి, ఆ అంకె ఇక్కడ రాయండి.

పంతులుగారూ, మీరు కూడా ఒకసారి చూపించుకోండి.